క్లారినెట్ రీడ్: జర్మన్ కట్టా, ఫ్రెంచ్ కట్టా? ముందు మీ మౌత్‌పీస్ చూడండి

నాకు చాలాకాలం ఒక నమ్మకం ఉండేది. జర్మన్ ఆర్కెస్ట్రాల్లో వినిపించే నిండైన, గుండ్రటి క్లారినెట్ స్వరం కావాలంటే జర్మన్ కట్ రీడ్ కొంటే చాలనుకున్నాను. (క్లారినెట్‌లో నోట్లో పెట్టుకుని ఊదే భాగం మౌత్‌పీస్. దానికి బిగిస్తే, ఊదినప్పుడు కంపించే పలచని పట్టీ రీడ్.) ఒక పెట్టె తెప్పించుకుని, ఒక్కో రీడ్‌నూ తడిపి, బిగించి ఊదాను. కింది స్వరాల్లో గాలి చప్పుడు వచ్చింది. పైకి వెళ్తుంటే కీచుమంది. కొన్ని రీడ్ల మీద స్వరం నిలవనే లేదు. పాడైన సరుకు వచ్చిందేమోనని కొన్నాళ్లు అనుమానపడ్డాను. నిజానికి రీడ్లలో ఏ లోపమూ లేదు. నా మౌత్‌పీస్ ఫ్రెంచ్ రకం, ఆ రీడ్లు దానికోసం చెక్కినవి కావు. అంతే.

ఈ రెండు కట్‌ల మధ్య ఏది మంచిదని అడిగేవాళ్లకు నేను తిరిగి అడిగే ప్రశ్న ఒక్కటే: మీ మౌత్‌పీస్ ఏది? మూత నచ్చిందని దానికి సరిపోయే కుండ కోసం ఎవరూ వెతకరు. కుండను బట్టి మూత తెచ్చుకుంటారు. రీడ్ విషయం కూడా అలాంటిదే. స్వరం గురించిన ముచ్చట ఆ తర్వాత.

కట్ అంటే ఏమిటి, ఏది కాదు

ఒక రీడ్‌ను చేతిలోకి తీసుకోండి. కింద బెరడుతో మందంగా ఉన్న భాగాన్ని లిగేచర్ అనే బిగింపు పట్టీ పట్టుకుంటుంది. దాని పైన చెక్కిన వాలు మొదలై, చివరికి కాగితంలా పలచబడుతుంది. దీపానికి ఎదురుగా పట్టుకుంటే వాలు మధ్యలో నీడలా ఒక మందపాటి చోటు కనిపిస్తుంది. దాన్ని హార్ట్ అంటారు. రీడ్ వెడల్పు, మొదలు దగ్గర మందం, కొన మందం, చెక్కిన వాలు ఎంత పొడవుంది, ఎలా దిగింది అన్నవన్నీ కలిస్తే కట్ అవుతుంది.

మొక్కలో తేడా ఏమీ లేదు. రెండు రకాలూ అరుండో డోనాక్స్ అనే పొడవాటి గడ్డి జాతి మొక్క కాండం నుంచే వస్తాయి. ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న వార్ ప్రాంతం ఈ పంటకు ప్రసిద్ధి. అక్కడ పెరిగిన ఒకే కాండం ముక్క ఫ్రెంచ్ కట్ రీడ్ కావచ్చు, జర్మన్ కట్ రీడూ కావచ్చు.

స్థూలంగా కొలతలు చెప్పుకుందాం. బి ఫ్లాట్ క్లారినెట్‌కు వాడే ఫ్రెంచ్ కట్ రీడ్ కొన దగ్గర సుమారు 13 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. జర్మన్ కట్ దానికంటే సుమారు అర మిల్లీమీటరు సన్నగా ఉంటుంది. దాని వాలును కూడా జర్మన్ మౌత్‌పీస్ ఒంపుకు తగ్గట్టు చెక్కుతారు. ఇక వియన్నా వాళ్లది మూడో దారి. ఆస్ట్రియన్ కట్ రీడ్లు జర్మన్ వాటికంటే వెడల్పుగా, మందంగా ఉంటాయి. పెట్టె మీద 'వియన్నా' అని ఉంటే అది కూడా జర్మన్ కట్టేనని అనుకోకండి.

అర మిల్లీమీటరు అంటే చాలా చిన్న తేడాలా అనిపిస్తుంది. కానీ రీడ్ రెండు పక్కలా మౌత్‌పీస్ రైల్స్ మీద, అంటే దాని తెరిచిన భాగానికి అటూ ఇటూ ఉండే సన్నని అంచుల మీద కూర్చోవాలి. ఆ రైల్స్ వెడల్పే ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. రీడ్ అర మిల్లీమీటరు తగ్గితే గాలి మూతపడాల్సిన చోట సందు ఏర్పడవచ్చు. నాకు వినిపించిన కీచు అక్కడినుంచి వచ్చిందే.

పేర్లతో చాలామంది మోసపోయే చోట్లు మూడున్నాయి. వీటి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తప్పు రీడ్ ఇంటికి చేరడానికి ఎక్కువగా ఇవే కారణం.

మొదటిది, తయారీదారు దేశాన్నే కట్ అనుకోవడం. వాండోరెన్ పారిస్ కంపెనీ, 1905లో మొదలైంది. జర్మన్ మౌత్‌పీస్‌ల కోసం వైట్ మాస్టర్, ఆస్ట్రియన్ మౌత్‌పీస్‌ల కోసం బ్లాక్ మాస్టర్ అనే రీడ్లను చేసేది ఈ ఫ్రెంచ్ కంపెనీయే. ఇటు స్టోయర్ జర్మన్ కంపెనీ అయినా ఫ్రెంచ్ మౌత్‌పీస్‌లకు సరిపోయే రీడ్లు కూడా అమ్ముతుంది. కాబట్టి 'ఇది జర్మనీలో చేసింది' అన్న మాట కట్ గురించి మీకేమీ చెప్పదు.

రెండోది ఇంకా తికమక పెడుతుంది. కొన్ని పెట్టెల మీద 'ఫ్రెంచ్ ఫైల్ కట్' లేదా 'ఫైల్డ్' అని ఉంటుంది. అది వేరే సంగతి. వాలు మొదలయ్యే చోట బెరడును అడ్డంగా గీత గీసినట్టు ఆకురాయితో తీసేస్తే అది ఫైల్డ్ రీడ్. తీయకుండా వదిలేస్తే బెరడు అంచు అర్ధచంద్రంలా ఒంపుగా కనిపిస్తుంది, అది అన్‌ఫైల్డ్. ఫైల్ చేసిన రీడ్ కాస్త చురుగ్గా కదులుతుందని వాయించేవాళ్లు అంటారు. ఏదైనా ఇది వెడల్పుకు, మౌత్‌పీస్ రకానికి సంబంధించినది కాదు. ఫ్రెంచ్ మౌత్‌పీస్ కోసం చేసిన రీడ్ ఫైల్ చేయకుండానూ రావచ్చు.

మూడోది సింథటిక్ రీడ్ల, అంటే మొక్క కాండంతో కాక కృత్రిమ పదార్థంతో చేసిన రీడ్ల పేర్లు. కెనడా కంపెనీ లెజేర్ 'యూరోపియన్ కట్' పేరుతో ఒక రీడ్ చేసింది. పేరు విని జర్మన్ క్లారినెట్‌కు అనుకుంటారు. అది ఫ్రెంచ్ రకం మౌత్‌పీస్‌ల కోసం చేసింది. జర్మన్ మౌత్‌పీస్‌కు వాళ్లదే 'జర్మన్ కట్' విడిగా ఉంది. పేరు ఎంత స్పష్టంగా అనిపించినా తయారీదారు ఇచ్చిన పట్టికలో ఏ మౌత్‌పీస్ కోసం అని రాశారో చదివాకే డబ్బు కట్టండి.

అసలు నిర్ణయం మౌత్‌పీస్‌ది

మౌత్‌పీస్ మీద రీడ్ కూర్చునే తలం కొంత దూరం చదునుగా వెళ్లి, తర్వాత మెల్లగా వెనక్కి ఒంగుతుంది. ఆ ఒంపు ఎక్కడ మొదలై కొన దాకా ఎంత దూరం సాగిందో అది లే పొడవు. కొన దగ్గర రీడ్‌కూ మౌత్‌పీస్‌కూ మధ్య మిగిలే ఖాళీ టిప్ ఓపెనింగ్. ఈ రెండు అంకెలు తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఫ్రెంచ్ మౌత్‌పీస్‌లలో టిప్ ఓపెనింగ్ ఎక్కువగా 1.00 నుంచి 1.20 మి.మీ. మధ్య ఉంటుంది. ఉదాహరణకు వాండోరెన్ 5ఆర్‌వి లైర్‌కు 1.09, బి45కు 1.195 మి.మీ. లే పొడవు సుమారు 16 నుంచి 20 మి.మీ. సంప్రదాయ జర్మన్ మౌత్‌పీస్‌లలో ఓపెనింగ్ సాధారణంగా 1 మి.మీ. కంటే తక్కువ, లే మాత్రం 20 దాటి 25 మి.మీ. దాకా వెళ్తుంది. వియన్నా వాళ్లది ఇంకా మూసుకుని, ఇంకా పొడవుగా ఉంటుంది. అంటే ఒకటి పొట్టిగా, తెరుచుకుని. రెండోది పొడవుగా, మూసుకుని.

ఇది రీడ్‌ను ఏం చేస్తుందో తెలియాలంటే ఒక స్కేలు తీసుకోండి. బల్ల అంచు మీద పెట్టి ఒక చేత్తో అదిమి, బయటికి వచ్చిన భాగాన్ని వేలితో వంచండి. కొంచెమే బయట ఉంటే వంచడానికి బలం కావాలి. మరికాస్త బయటికి లాగితే సులువుగా వంగుతుంది. ఒకే మందమున్న పట్టీ అయితే, దాని గట్టిదనం బయటున్న పొడవు ఘనానికి విలోమంగా మారుతుంది. 18 మి.మీ. బదులు 24 మి.మీ. వదిలితే గట్టిదనం సుమారు 42 శాతానికి పడిపోతుంది. రీడ్ అంతటా ఒకే మందం ఉండదు కాబట్టి ఈ అంకె దానికి యథాతథంగా వర్తించదు. కానీ జరిగేది మాత్రం ఇదే.

ఇప్పుడు ఫ్రెంచ్ మౌత్‌పీస్ మీద హాయిగా మోగే మెత్తటి రీడ్‌ను సంప్రదాయ జర్మన్ మౌత్‌పీస్ మీద పెట్టారనుకోండి. వంగే పొడవు పెరిగింది, కొన దగ్గర ఖాళీ తగ్గింది. పెదవితో కాస్త నొక్కగానే రీడ్ వెళ్లి మౌత్‌పీస్‌కు అంటుకుంటుంది, స్వరం తెగిపోతుంది. పైగా వెడల్పు ఎక్కువ కాబట్టి పక్కలు రైల్స్ దాటి బయటికి పొడుచుకొస్తాయి. తిరగేసి చూస్తే, జర్మన్ మౌత్‌పీస్ మీద సరిగ్గా ఉన్న గట్టి రీడ్‌ను తెరుచుకున్న ఫ్రెంచ్ మౌత్‌పీస్ మీద పెడితే చెక్కను ఊదినట్టుంటుంది. దవడ నొప్పెడుతుంది, మెల్లగా స్వరం మొదలుపెట్టడం గగనమవుతుంది.

జర్మన్ వాద్యకారులు గట్టి రీడ్లు వాడతారని విని, వాళ్ల ఊపిరి బలం ఎక్కువని కొందరు విద్యార్థులు భయపడతారు. ఆ టెన్షన్ అక్కర్లేదు. ఆ మౌత్‌పీస్ మీద ఆ గట్టి రీడ్ అంత గట్టిగా ఉండదు.

రెండు దారులు ఎందుకు ఏర్పడ్డాయి

న్యూరెంబర్గ్‌లో యోహాన్ క్రిస్టఫ్ డెన్నర్ చేతిలో క్లారినెట్ రూపుదిద్దుకున్నది 1700 ప్రాంతంలో. తర్వాత ఇవాన్ ముల్లర్ 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో పదమూడు కీల (రంధ్రాలను మూసి తెరిచే మీటల) క్లారినెట్‌ను ప్రచారంలోకి తెచ్చాడు. అక్కడినుంచి దారి చీలింది. పారిస్‌లో యాసింత్ క్లోజే, వాద్యాల తయారీదారు బ్యుఫేతో కలిసి కొత్త కీల అమరిక చేసి 1839లో ప్రదర్శించాడు. మ్యూనిక్ వేణువాద్యకారుడు థియోబాల్డ్ బోమ్ ఆలోచనలు అందులో ఉండటంతో దానికి బోమ్ సిస్టమ్ అని పేరు వచ్చింది. అలా జర్మన్ పేరున్న అమరిక ఫ్రెంచ్ క్లారినెట్‌కు గుర్తు అయింది. జర్మనీలో మాత్రం ముల్లర్ దారినే మెరుగుపరుస్తూ వెళ్లారు, చివరికి బెర్లిన్‌లో ఓస్కార్ ఓలర్ దాన్ని నేటి రూపానికి తెచ్చాడు. బెర్లిన్ ఫిల్హార్మోనిక్, వియన్నా ఫిల్హార్మోనిక్ నేటికీ ఆ కుటుంబానికి చెందిన క్లారినెట్లే వాడతాయి. బోర్ (వాద్యం లోపలి గొట్టం) వేరైంది, దానికి తగ్గ మౌత్‌పీస్ వేరైంది, దానికి తగ్గ రీడ్ వేరైంది. రీడ్ ఈ వరుసలో చివరిది.

20వ శతాబ్దం మధ్యకాలంలో ఎర్న్‌స్ట్ ష్మిట్, ఫ్రిట్జ్ వుర్లిట్జర్ కలిసి రిఫార్మ్ బోమ్ అనే క్లారినెట్ చేశారు. వేళ్లు పెట్టే పద్ధతి ఫ్రెంచ్ వాళ్లది, బోర్ జర్మన్ వాళ్లది. నెదర్లాండ్స్‌లో దీనికి మంచి ఆదరణ దొరికింది. మీ వేళ్ల కింద బోమ్ కీలు ఉన్నంత మాత్రాన ఫ్రెంచ్ కట్ రీడే కావాలన్న నియమం లేదనడానికి ఈ వాద్యమే సాక్ష్యం. తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. జర్మన్ క్లారినెట్ మీద ఫ్రెంచ్ కట్ రీడ్ వాడుకునేలా చేసిన మౌత్‌పీస్‌లు ఇప్పుడు దొరుకుతున్నాయి, జర్మనీలో వాటిని ఇష్టపడే ఆర్కెస్ట్రా వాద్యకారులూ ఉన్నారు. వాద్యాన్ని బట్టి కాదు, మౌత్‌పీస్‌ను బట్టి అని నేను పట్టుబట్టేది అందుకే.

మరి స్వరం సంగతి?

ఫ్రెంచ్ కట్ అంటే వెలుగు, జర్మన్ కట్ అంటే ముదురు అని అందరూ ఒక్క మాటలో తేల్చేస్తారు. పూర్తిగా తప్పని అనను. కానీ ఆ మాటలో రీడ్‌కు దక్కాల్సిన దానికంటే ఎక్కువ పేరు దక్కుతోంది. బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌లో చాలాకాలం క్లారినెట్ వాయించిన కార్ల్ లైస్టర్ స్వరం విని మనసు పారేసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆయన బెర్లిన్‌లో వాయించింది జర్మన్ పద్ధతి క్లారినెట్. ఆ స్వరంలో బోర్ ఉంది, మౌత్‌పీస్ ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా ఆయన ఊపిరి, నోటి అమరిక, చెవి ఉన్నాయి. రీడ్ వాటా వాటి తర్వాతే.

మౌత్‌పీస్, రీడ్ ఒక జతగా కుదిరినప్పుడు తేడా ఎలా ఉంటుందో చెప్పగలను. తెరుచుకున్న మౌత్‌పీస్, ఫ్రెంచ్ కట్ జతలో కొన ఎక్కువ దూరం ఊగుతుంది. పెదవితో స్వరాన్ని వంచడం, రంగు మార్చడం, గట్టిగా ఊదినప్పుడు విచ్చుకోవడం తేలిక. జాజ్, క్లెజ్మర్ (తూర్పు యూరప్ యూదుల సంప్రదాయ సంగీతం) వాయించేవాళ్లకు ఆ స్వేచ్ఛ కావాలి. అదే స్వేచ్ఛ వల్ల శ్రుతి కూడా జారుతుంది, పెదవి అదుపులో ఉండాలి. మూసుకున్న మౌత్‌పీస్, జర్మన్ కట్ జతలో రీడ్ తక్కువ దూరం కదులుతుంది. చాలా మెల్లగా మొదలుపెట్టినా స్వరం పలుకుతుంది, శ్రుతి ఉన్నచోటే నిలబడుతుంది, అంచులు మృదువుగా వినిపిస్తాయి. గట్టిగా కరిచి వాయించే అలవాటున్నవాళ్లను మాత్రం ఇది క్షమించదు. ఖాళీ ఎలాగూ తక్కువ, కరిస్తే పూర్తిగా మూసుకుపోతుంది.

ఫ్రెంచ్ మౌత్‌పీస్ మీదే ఉండి స్వరం కాస్త ముదురుగా రావాలనుకునేవాళ్లు చాలామంది. వాళ్లకు నా సలహా సూటిగా చెబుతాను: జర్మన్ కట్ జోలికి వెళ్లకండి, ఫ్రెంచ్ కట్‌లోనే మందపాటి మొదలున్న రీడ్ తీసుకోండి. వాండోరెన్ సాధారణ నీలం పెట్టె రీడ్ మొదలు దగ్గర 2.8 మి.మీ. మందం, కొన 0.09 మి.మీ. అదే కంపెనీ వి12 మొదలు దగ్గర 3.15, కొన 0.10 మి.మీ. వాళ్లదే రూ లెపిక్ 56 ఇంకాస్త మందం. డద్దారియో అనే మరో కంపెనీలో రిజర్వ్ క్లాసిక్ ఈ వర్గానికే చెందుతుంది. వెడల్పు మీ మౌత్‌పీస్‌కు సరిపోతుంది, మందం వల్ల స్వరానికి బరువు వస్తుంది. జర్మన్ కట్ రీడ్‌లో నేను వెతికిన నిండుదనంలో చాలా భాగం నాకు ఇలా దొరికింది. ఈ ఒక్క మాట ముందే తెలిసి ఉంటే ఆ మొదటి పెట్టె కొనేవాణ్ణి కాదు.

మీ చేతిలో ఉన్నది ఏదో తెలుసుకోవడం

మౌత్‌పీస్ మీద మోడల్ పేరు, అంకె కనిపిస్తే తయారీదారు పట్టిక చూడండి, పని ముగిసింది. సమస్యంతా సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాటితోనూ, పెద్దవాళ్ల నుంచి వచ్చిన పాత ఆల్బర్ట్ సిస్టమ్ (ముల్లర్ దారిలో వచ్చిన పాత కీల అమరిక) క్లారినెట్లతోనూ. వాటి మీదున్న మౌత్‌పీస్ అసలుదో, మధ్యలో ఎవరో మార్చిందో తెలియదు.

ఒంటిని చూడండి. జర్మన్ మౌత్‌పీస్‌ల మీద చాలాసార్లు చుట్టూ సన్నని గాడులు ఉంటాయి. అక్కడ రీడ్‌ను దారంతో చుట్టి కడతారు. ఈ అలవాటు జర్మన్, ఆస్ట్రియన్ వాద్యకారుల్లో నేటికీ ఉంది. ఫ్రెంచ్ మౌత్‌పీస్ ఒళ్లు నున్నగా ఉంటుంది. ఇది బలమైన ఆనవాలే, కానీ ఒక్క దీని మీదే ఆధారపడకండి. లోహపు లిగేచర్ వాడే జర్మన్ మౌత్‌పీస్‌లు కూడా ఉన్నాయి. లిగేచర్ కొనేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం, రెండు రకాల మౌత్‌పీస్‌ల లావులో తేడా ఉంటుంది.

తర్వాత లే పొడవు కొలవండి. చదునైన అద్దం ముక్క మీద మౌత్‌పీస్‌ను రీడ్ కూర్చునే వైపు కిందకు పెట్టి కదలకుండా పట్టుకోండి. వీలైనంత పలచని కాగితం పట్టీని కొన వైపు నుంచి సందులోకి తోయండి. అది ఎక్కడ ఆగిందో అక్కడ గుర్తు పెట్టి, కొన నుంచి స్కేలుతో కొలవండి. మరమ్మతు చేసేవాళ్లు దీనికి 0.038 మి.మీ. మందమున్న ఉక్కు పట్టీ వాడతారు. కాగితం దానికంటే మందం కాబట్టి మీ కొలత అసలు పొడవుకంటే కాస్త తక్కువ వస్తుంది. అయినా 15 దగ్గర ఆగిందా, 21 దగ్గర ఆగిందా అన్నది తెలిస్తే మన పనికి చాలు. ఇంకో మాట: మరమ్మతు పట్టికల్లో లే పొడవు 34, 36 అని కనిపిస్తే కంగారు పడకండి. ఆ లెక్కలో ఒక్కో అంకె అర మిల్లీమీటరు, 34 అంటే 17 మి.మీ.

చివరగా రీడ్ పెట్టి చూడండి. రీడ్ పక్కలు, రైల్స్ బయటి అంచులు రెండు వైపులా కలవాలి. రైల్ బయటపడితే రీడ్ సన్నం. రీడ్ పక్కకు పొడుచుకొస్తే వెడల్పు. అనుమానం ఉంటే మౌత్‌పీస్‌ను విడిగా తీసి, తడి రీడ్ బిగించి, అడుగున రంధ్రాన్ని అరచేత్తో మూసి, నోటితో గాలి పీల్చి వదలండి. రీడ్ అంటుకుని ఒకటి రెండు సెకన్లు ఆగి 'టప్' మని విడిపోతే గాలి ఎక్కడా కారడం లేదు. అసలు అంటుకోకపోతే వెడల్పు సరిపోలేదు, లేదంటే రీడ్ వెనుక తలం చదును తప్పింది. రెండో కారణాన్ని చాలామంది మర్చిపోతారు. రీడ్‌ను అద్దం మీద పెట్టి వేలితో మూలల్లో తడితే ఊగుతుందా లేదా తెలిసిపోతుంది.

నంబర్ల దగ్గర జాగ్రత్త

ఇదివరకు 3 నంబరు వాడారు కాబట్టి కట్ మారినా 3 తీసుకోవచ్చు అనుకోవడం పొరపాటు. ఆ నంబరు ఆ తయారీదారు ఆ మోడల్‌కు ఇచ్చుకున్న గట్టిదనం కొలత. ఒకే కంపెనీలోనే వి12 మూడు, వైట్ మాస్టర్ మూడు ఒకటి కావు. చాలా కంపెనీలు తమ మోడళ్లను పక్కపక్కన పెట్టి గట్టిదనం పోల్చే పట్టిక ఇస్తాయి. దాన్ని చూసి, అందులో మీకు తగినట్టు కనిపించిన నంబరుతో పాటు దాని కింద అర నంబరు కూడా రెండు రీడ్లు తీసుకోండి. కొత్త మౌత్‌పీస్‌కు మారుతున్నవాళ్లకు గట్టివైపు పొరబడటం కంటే మెత్తవైపు పొరబడటం మేలు. మెత్తటి రీడ్ మీద స్వరం పలచబడుతుంది, గట్టి రీడ్ మీద కరిచే అలవాటు పడుతుంది. ఆ అలవాటు పోగొట్టుకోవడానికి నెలలు పడుతుంది.

పోల్చి చూసేటప్పుడు

మీ మౌత్‌పీస్ ఒకే కట్‌కు సరిపడేదైతే పోలిక కట్‌ల మధ్య కాదు, ఆ కట్‌లోని మోడళ్ల మధ్య. కానీ కొందరికి నిజంగానే రెండు దారులూ తెరిచి ఉంటాయి. జర్మన్ క్లారినెట్ ఉండి మౌత్‌పీస్ మార్చుకోవాలనుకునేవాళ్లు, రిఫార్మ్ బోమ్ వాయించేవాళ్లు ఈ కోవలోకి వస్తారు. వాళ్లు రీడ్ ఒక్కటే తెచ్చుకుని పోల్చకూడదు. సంప్రదాయ మౌత్‌పీస్ మీద జర్మన్ కట్, ఫ్రెంచ్ కట్ కోసం చేసిన మౌత్‌పీస్ మీద ఫ్రెంచ్ కట్, ఇలా జతకు జత పోల్చాలి.

ఒక్కో రకంలో కనీసం నాలుగు రీడ్లు తీసుకోండి. ఇది గడ్డి నుంచి వచ్చిన వస్తువు, ఒకే పెట్టెలో రెండు రీడ్లు ఒకేలా ఉండవు. ఒక్కదాన్ని చూసి ఆ కట్ మీద తీర్పు చెప్పడం దానికి అన్యాయం. మొదటి రోజు ఒక్కోటి ఐదు నిమిషాలు మించి ఊదకండి, రోజుకు కొంచెం పెంచండి. వారం తర్వాత మీరు విన్నదే నమ్మదగింది. మొదటి రోజు అద్భుతంగా మోగిన రీడ్ మూడో రోజుకు చప్పబడటం, మొదటి రోజు మొండికేసినది వారానికి దారికి రావడం నేను చాలాసార్లు చూశాను.

ఏం వాయించి చూడాలన్నది కూడా ముఖ్యమే. నచ్చిన పాట వాయిస్తే ప్రతి రీడూ బాగున్నట్టే అనిపిస్తుంది. అందుకే నేను కష్టమైన చోట్లే పరీక్షిస్తాను. అన్నిటికంటే కింద ఉన్న ఇ స్వరాన్ని వినీ వినపడనట్టు మొదలుపెట్టి పెంచి మళ్లీ తగ్గించడం. వాద్యం మధ్యస్థాయిలో ఉండే 'గొంతు స్వరాలు' ఎ, బి ఫ్లాట్ నుంచి పైన ఉన్న బి మీదికి దాటడం, ఆ దాటే చోట రంగు ఎంత మారుతుందో వినడం. పై సి మీద చిన్న చిన్న నాలుక దెబ్బలు, ప్రతి దెబ్బకూ స్వరం వెంటనే పలుకుతోందా, ఆలస్యమవుతోందా అని. ట్యూనర్ పక్కన పెట్టుకుని గట్టిగా, మెల్లగా ఊదినప్పుడు సూది ఎంత జారుతోందో రాసుకోండి. రికార్డు చేసేటప్పుడు ఫోన్‌ను గది అవతలి మూల పెట్టండి. దగ్గర పెడితే గాలి చప్పుడు పెద్దగా వినిపించి, దూరానికి చక్కగా వినబడే రీడ్‌ను కూడా పక్కన పడేస్తారు. వాయించేవాడి చెవికి వినిపించేది ఎముకల గుండా వచ్చే కంపనం కూడా కలిసినది, అది వినేవాళ్లకు చేరదు.

నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్లు ఈ పోలికలోకి దిగనక్కర్లేదు. బోమ్ క్లారినెట్, ఫ్రెంచ్ మౌత్‌పీస్ ఉన్న విద్యార్థి ఫ్రెంచ్ కట్‌లో రెండు లేదా రెండున్నర నంబరు తీసుకుని ఏడాది పాటు అదే వాడితే చాలు. జర్మన్ క్లారినెట్ మీద నేర్చుకుంటున్న విద్యార్థి గురువుగారు చెప్పిన జర్మన్ కట్ వాడాలి. స్వరం నిలకడ రాకముందే రీడ్లు మారుస్తూ పోతే తేడా రీడ్‌లో ఉందో నోట్లో ఉందో ఎప్పటికీ తెలియదు.

ఇప్పటికే పొరపాటున వేరే కట్ పెట్టె కొనేసినవాళ్లకు ఒక మాట. వెడల్పైన ఫ్రెంచ్ కట్ రీడ్‌ను జర్మన్ మౌత్‌పీస్‌కు సరిపడేలా సన్నం చేసుకునేవాళ్లున్నారు. 600 నంబరు ఎమెరీ కాగితాన్ని అద్దం మీద పరిచి, రీడ్‌ను నిటారుగా నిలబెట్టి, రెండు పక్కలా సమానంగా నాలుగైదు సార్లు చొప్పున రుద్దుతూ, ప్రతిసారీ మౌత్‌పీస్ మీద పెట్టి చూసుకోవాలి. కొన మూలలు అతి పలచగా ఉంటాయి, అక్కడ వేలు బరువు పడకూడదు. వెడల్పు కుదిరినా వాలు ఫ్రెంచ్‌దే కాబట్టి సాధన వరకు వాడుకోవచ్చు, కచేరీకి నేనైతే తీసుకెళ్లను. సన్నటి జర్మన్ కట్ రీడ్‌ను మాత్రం ఎవరూ వెడల్పు చేయలేరు. నా దగ్గర మిగిలిన ఏడు రీడ్లను జర్మన్ క్లారినెట్ వాయించే ఒక స్నేహితుడికి ఇచ్చేశాను. వాటిలో రెండు తన దగ్గరున్నవాటిలోకెల్లా మంచివని ఆ తర్వాత చెప్పాడు.